లెక్కల గేమ్‌తో పిల్లల ఆలోచనను కొలవొచ్చా? (విజయనగరం, 3–5 తరగతులు)

గంటస్తంభం అడిగిన ప్రశ్న:

ఎం.ఏ. సైకాలజీ డిసర్టేషన్ కోసం ప్లాన్ ఇది. విజయనగరం, గజపతినగరం మండలాల్లో నాలుగు మండల పరిషత్ ప్రాథమిక బడులు. 3, 4, 5 తరగతుల పిల్లలు 120 మంది. 8.7 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు 12 ఉన్నాయి.

గేమ్ చాలా చిన్నది. తెర మీద అడ్డంగా ఒక తాడు ఉంటుంది, ఎడమ కొసన 0, కుడి కొసన 1000. పైన ఒక సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్య తాడు మీద ఎక్కడ ఉండాలో అక్కడికి పిల్లలు నావను జరిపి వదలాలి. దగ్గరగా పెడితే చేపలు ఎక్కువ పడతాయి, త్వరగా పెడితే బోనస్. రెండు బడుల్లో ఆరు వారాలు ఆడిస్తాను, మిగతా రెండు బడుల్లో మామూలు పాఠాలే.

అడగాల్సినవి మూడు. గేమ్ ఇచ్చే మొత్తం స్కోరును 'సంఖ్యాజ్ఞానం' అని రాసుకోవచ్చా? ట్యాబ్ చూపించే మిల్లీసెకన్లను నమ్మొచ్చా? ఆరు వారాల తర్వాత స్కోరు పెరిగితే ఏకాగ్రత పెరిగిందని చెప్పొచ్చా?

---

నాగావళి_ఒడ్డు:

మూడో ప్రశ్నకు జవాబు: చెప్పలేరు. మొదటిదానికీ అంతే. కానీ మీరు ఎంచుకున్న ఆట మంచిది, పారేయకండి.

మీ స్కోరులో మూడు విషయాలు కలిసిపోయాయి: నావ ఎంత దగ్గరగా పెట్టారు, ఎంత త్వరగా పెట్టారు, ఎన్నిసార్లు ఆడారు. 400 చేపలు పట్టిన అమ్మాయికి సంఖ్యలు బాగా తెలిసి ఉండొచ్చు, లేదా చేతివాటం ఎక్కువ కావొచ్చు. స్కోరు చూసి ఈ రెండిటిలో ఏది నిజమో చెప్పలేం. చేపలు పిల్లలను కూర్చోబెట్టడానికి. పరిశోధనకు కావాల్సింది ప్రతి ట్రయల్‌లో (ఒక సంఖ్యకు ఒక జవాబు, అదే ఒక ట్రయల్) నావ ఎక్కడ ఆగిందన్న అంకె. రెండూ ఒకే గేమ్‌లో ఉండొచ్చు, కానీ ఒకటి కాదు.

ఈ తాడు పని మీద అభివృద్ధి మనోవిజ్ఞానంలో చాలా పని జరిగింది. సీగ్లర్, ఆప్ఫర్ 2003లో రెండు, నాలుగు, ఆరు తరగతుల పిల్లలతోనూ పెద్దవాళ్ళతోనూ 0–1000 గీత మీద చేయించారు. చిన్న తరగతివాళ్ళు చిన్న సంఖ్యలను బాగా విడదీసి, పెద్ద సంఖ్యలను కుడి కొసన కుక్కేస్తారు, అంటే లాగరిథం వంపులా. పెద్దయ్యేకొద్దీ అది సరళరేఖ అవుతుంది. రెండు నమూనాల మధ్య తేడా బాగా బయటపడే చోటు 150 దగ్గర. పూర్తిగా లాగ్ లెక్కన ఆలోచించే పిల్ల 150ని దాదాపు 725 దగ్గర పెడుతుంది, సరళంగా ఆలోచించే పిల్ల 150 దగ్గరే పెడుతుంది. ఆ ఒక్క సంఖ్యతోనే పిల్లల దారి చాలావరకు తెలిసిపోతుంది.

అందుకని సంఖ్యలను సమానంగా పంచకండి. 22 సంఖ్యలు తీసుకుంటే సగం 250 లోపే ఉండాలి: 6, 18, 25, 71, 86, 122, 144, 150, 179, 205, 230 ఇలా. మిగతా 11 పైన. 500 పెట్టకండి, అది నడిమధ్య ఉందని కంటితోనే తెలిసిపోతుంది. ప్రతి పిల్లకూ వరస వేరుగా రావాలి, లేకపోతే పక్క ట్యాబ్ చూసి పెడతారు.

లెక్క కట్టడం సులువు. 230 అడిగితే 380 దగ్గర పెట్టారనుకోండి, తేడా 150. దాన్ని 1000తో భాగిస్తే 15 శాతం దోషం. అయితే సగటు దోషం ఒక్కటే దాచుకుంటే సమాచారం సగం పోతుంది. ఇద్దరికీ 15 శాతమే రావొచ్చు: ఒకరు చిన్న సంఖ్యలన్నిటినీ కుడికే తోస్తున్నారు, ఇంకొకరు అటోసారి ఇటోసారి పెడుతున్నారు. మొదటిది ఆలోచన తీరు, రెండోది ఊహించి కొట్టడం. ప్లస్, మైనస్ గుర్తుతో సహా తేడాను ఉంచుకోండి.

ఇంకో మాట. లాగ్ వంపు ఒక్కటే వివరణ కాదు. బార్త్, పలాడినో 2011లో ఇది నిష్పత్తి అంచనా అని వాదించారు. అంటే పిల్లలు రెండు కొసలనీ నడిమినీ ఆనవాళ్ళుగా పెట్టుకుని భాగం ఎంతో అంచనా వేస్తున్నారని. మీ డేటాకు రెండు నమూనాలూ ఎక్కించి ఏది బాగా కుదిరిందో రాయండి. ఒకటే ఎక్కించి 'కుదిరింది' అంటే పరీక్షకుడు ఊరుకోడు.

కొలత రౌండ్‌లో చేపలు పడకూడదు, సరైన చోటు చూపించకూడదు. చూపించారంటే పదో ట్రయల్‌కి కొలుస్తున్నది మీరు నేర్పినదాన్నే. ముందు 2 అభ్యాస ట్రయల్స్, తర్వాత 22 నిశ్శబ్ద ట్రయల్స్, ఆ తర్వాతే ఆట. ఒక్కో పిల్లకు కొలత 5 నిమిషాలు దాటదు.

సూచన వాక్యం రాసిపెట్టుకుని అన్ని బడుల్లో అదే చదవండి. 'ఈ తాడు మీద ఈ సంఖ్య ఎక్కడుంటాదో అక్కడ నావ పెట్టు' చాలు, మన పిల్లలకి అలాగే అర్థమవుతుంది. 'సగం ఎక్కడో చూసుకో' అని నోరు జారారా, నడిమి ఆనవాలు మీరే అందించినట్టు.

---

జీడిగింజ:

ట్యాబ్ సంగతి నేను చెప్తాను.

మీ ట్యాబ్ 1340×800 పిక్సెళ్ళది అయితే, 8.7 అంగుళాల మీద అంగుళానికి సుమారు 179 పిక్సెళ్ళు. తాడు 1000 పిక్సెళ్ళు గీస్తే అది 14 సెంటీమీటర్ల పొడవు. పిల్లల వేలి ముద్ర 9 మిల్లీమీటర్లు అనుకోండి, అది 63 పిక్సెళ్ళు, అంటే తాడులో 6 శాతం పైనే! మీరు వెతుకుతున్న తేడా కూడా ఆ సైజులోనే ఉంటుంది. వేలు కింద నావ కనిపించదు కాబట్టి ఎక్కడ వదిలారో వాళ్ళకే తెలియదు.

దీనికి మందు: నావ తాడు మీద ఉండాలి, పట్టుకునే పిడి మాత్రం తాడుకు 2 సెంటీమీటర్ల కింద ఉండాలి. నావ నుంచి సన్నటి గీత తాడును తాకాలి. వేలు ఎత్తగానే జవాబు ఖాయం చేయకండి, 'సరే' బటన్ నొక్కితేనే ఖాయం. నావ మొదట్లో ఎప్పుడూ ఎడమ కొసనే నిలబడితే జవాబులన్నీ ఎడమకు లాగుతాయి. కాబట్టి వేలు తాకేదాకా నావ కనబడకూడదు, తాకిన చోటే పుట్టాలి.

అరచేయి తెర మీద ఆనించే పిల్లలు చాలామంది ఉంటారు. గేమ్ మొదటి స్పర్శనే తీసుకోవాలి, అది కూడా పిడి ఉండే పట్టీలో పడితేనే. కోస్తా ఉక్కకి వేళ్ళు చెమటపడితే లాగుతున్నప్పుడు స్పర్శ మధ్యలో తెగిపోతుంది, నావ అక్కడే ఆగిపోతుంది. 'సరే' బటన్ ఉంటే నష్టం లేదు, మళ్ళీ పట్టుకుని జరుపుతారు. ప్రతి బ్యాచ్‌కీ ముందు పొడి నూలు గుడ్డతో తెర తుడవండి.

గేమ్ రాసే రికార్డు ఫైల్‌లో ఒక వరస ఇలా ఉండాలి (మొదటిది పిల్ల కోడ్, చివరిది మిల్లీసెకన్లలో):

వి2-017, సెషన్ 1, ట్రయల్ 9, అడిగినది 230, మొదటి తాకు 612, చివరి చోటు 380, సమయం 4210

ఇందులో 'మొదటి తాకు' ఉంచడం మరవకండి. పై వరసలో పిల్ల 612 దగ్గర తాకి, లాక్కొచ్చి 380లో ఆపింది. మొదటి తాకు తట్టిన ఊహ, చివరి చోటు ఆలోచించి దిద్దుకున్నది. కాగితం మీద ఈ ముక్క దొరకదు. గేమ్ పెట్టడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే, చేపల బొమ్మలు కాదు.

ప్రతి ట్రయల్ అయిన వెంటనే ఫైల్‌లో రాయించండి. చివర్లో ఒకేసారి రాసే గేమ్‌లో 19వ ట్రయల్ దగ్గర బ్యాటరీ అయిపోతే 18 కూడా పోతాయి. గేమ్ వెర్షన్ నెంబరు, ట్యాబ్ నెంబరు కూడా ప్రతి వరసలో పెట్టండి.

ఇక మిల్లీసెకన్లు. తెర 60 హెర్ట్జ్ అయితే ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, అంతకన్నా సన్నగా ఏదీ కనబడదు. దాని మీద వేలు తాకడానికీ గేమ్‌కి కబురు అందడానికీ మధ్య ఆలస్యం ఒకటి ఉంటుంది, చవక ట్యాబ్‌లలో అది చాలా ఎక్కువ. మీరే కొలవొచ్చు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉన్న ఫోన్‌తో వేలు తాకడం, తెర రంగు మారడం రెండూ కనబడేలా వీడియో తీయండి. మధ్యలో ఫ్రేములు లెక్కపెట్టి 4.17తో గుణించండి. 24 ఫ్రేములు వస్తే 100 మిల్లీసెకన్లు. ఒక్కో ట్యాబ్ మీద 20 తాకులు తీసి సగటు, చెదురు రెండూ రాసుకోండి.

ఆలస్యం అందరికీ ఒకేలా ఉంటే ఒకే పిల్ల రెండు రకాల ట్రయల్స్ పోల్చేటప్పుడు అది కొట్టుకుపోతుంది. ప్రమాదం ఎక్కడంటే, ఒక బడికి ఒక మోడల్ ట్యాబ్‌లు, ఇంకో బడికి ఇంకో మోడల్ పట్టుకెళ్ళినప్పుడు. అప్పుడు ట్యాబ్ తేడాని పిల్లల తేడా అనుకుంటారు.

సెట్టింగులు: ఏరోప్లేన్ మోడ్, తెర తిరగడం ఆఫ్, బ్యాటరీ సేవర్ ఆఫ్ (అది ఉంటే ఫ్రేములు తడబడతాయి), వెలుతురు ఒకే స్థాయి, యాప్ పిన్నింగ్ (గేమ్ నుంచి బయటికి పోకుండా ఆపేది) ఆన్. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు అసలు వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది.

తాడు ఆటకు మీకు మిల్లీసెకన్లతో పెద్దగా పని లేదు. త్వరగా పెడితే బోనస్ అన్నారు చూడండి, అది తీసేయండి. తొందర పెడితే దోషం పెరుగుతుంది, పెరిగినది జ్ఞానం లేకనా తొందర వల్లనా తెలియదు.

---

గంటస్తంభం:

చాలా థాంక్సండి. బోనస్ తీసేస్తున్నాను. ఏకాగ్రత కోసం ఇంకో చిన్న ఆట కలిపితే? బెల్టు మీద జీడిగింజ వస్తే తాకాలి, రాయి వస్తే తాకకూడదు. ఇంకోటి, స్థాయి దానంతట అదే పెరిగే గేమ్ అయితే పిల్లలు విసుక్కోరు కదా?

---

లెక్కలపలక:

జీడిగింజ–రాయి మంచి ఊహే. కానీ అది కొలిచేది 'ఏకాగ్రత' అనే పెద్ద మూట కాదు, చేయి ఆపుకోగలగడం. పేరు అలాగే రాయండి.

మొత్తం 160 ట్రయల్స్: 120 గింజలు, 40 రాళ్ళు. గింజలు నాలుగింట మూడొంతులు ఉంటేనే చేయి అలవాటుగా ముందుకు పోతుంది, ఆపుకోవడం కష్టమవుతుంది. సగం సగం పెడితే ఆపుకోవాల్సిన అవసరమే రాదు. బొమ్మ 500 మిల్లీసెకన్లు, మధ్య ఖాళీ 1000 నుంచి 1500 మధ్య మారుతూ ఉండాలి. ఖాళీ ఒకేలా ఉంటే పిల్లలు తాళానికి కొడతారు, చూసి కాదు. మొత్తం 4 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. 150 మిల్లీసెకన్ల లోపు వచ్చిన తాకులు బొమ్మ చూసి కొట్టినవి కావు, తీసేయండి. గింజకీ రాయికీ రంగు ఒక్కటే కాదు, ఆకారం కూడా తేడాగా ఉండాలి.

ఇందులో కూడా వేగానికి నాణేలు ఇచ్చారంటే రాళ్ళ మీద తప్పులు ఎగబాకుతాయి. నిన్న నిదానస్తుడైన కుర్రాడు ఇవాళ దుడుకువాడిగా కనిపిస్తాడు. మారింది కుర్రాడు కాదు, మీ నాణేల లెక్క.

వేగం, కచ్చితత్వం రెండూ కలిపి కొలవాలనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన గణిత గేమ్ చూడండి, 'రెకెన్‌టౌన్' అంటారు. ప్రతి లెక్కకూ 20 సెకన్లు, 20 నాణేలు. సెకనుకో నాణెం కరిగిపోతుంది. సరైతే మిగిలినవన్నీ వస్తాయి, తప్పైతే అన్నే పోతాయి. అంటే తొందరపడి ఊహిస్తే ఎక్కువ పోతాయి, తెలియకపోతే ఆగడమే లాభం. ఈ నియమం పిల్లలకు తెర మీద కనబడుతుంది. వేగం, కచ్చితత్వం మధ్య ఎవరికి వాళ్ళు బేరం ఆడుకోకుండా నియమమే ఆ బేరం కట్టేసింది. 2011లో క్లింకెన్‌బర్గ్, స్ట్రాటెమీర్, వాన్ డెర్ మాస్ దీని మీద రాశారు.

స్థాయి పెరిగే గేమ్ విషయంలో ఒక గుంట ఉంది. పైన చెప్పిన రెకెన్‌టౌన్‌లోనే పిల్లలు మామూలుగా 75 శాతం సరిగ్గా చేసేలా లెక్కలు ఎంపికవుతాయి. అంటే అందరికీ 75 శాతమే వస్తుంది! 'సరైన జవాబుల శాతం' అనే మీ పట్టిక అంతా ఒకే అంకెతో నిండుతుంది. అక్కడ కొలత ఏ కష్టం దగ్గర నిలబడ్డారన్నది, ఎన్ని సరిగ్గా చేశారన్నది కాదు. అందుకే కొలత రౌండ్‌కి స్థిరమైన 22 సంఖ్యలు, ఆట రౌండ్‌కి మారే స్థాయి. రెండూ కలపొద్దు.

ఇప్పుడు మీ డిజైన్‌లో పెద్ద చిల్లు. రెండు బడులు ఇటు, రెండు బడులు అటు. ఆ రెండు బడుల్లో ఒక మాస్టారు లెక్కలు బాగా చెప్తే ఆ ఫలితం మీ గేమ్ ఖాతాలో పడుతుంది. నాలుగు బడులతో దాన్ని ఏ గణాంకమూ విడదీయలేదు. బడికి 30 మంది, బడి ప్రభావం (ఒకే బడి పిల్లల మార్కులు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉంటాయన్నది) 0.15 అనుకుంటే గుణకం 1 + 29 × 0.15, అంటే 5 దాటింది. మందిని దానితో భాగించాలి. 120 మంది ఉన్నా విలువ 22 మందంతే.

కాబట్టి ప్రతి తరగతిలోనే చీటీలు వేసి సగం సగం చేయండి. 60, 60 వస్తారు. మధ్యస్థ ప్రభావం (0.5, అంటే గుంపుల సగటుల తేడా మార్కుల చెదురులో సగం) పట్టడానికి మామూలుగా గుంపుకు 64 మంది కావాలి. ముందు పరీక్షకీ తర్వాత పరీక్షకీ సహసంబంధం 0.6 ఉండి, ముందు మార్కును విశ్లేషణలో కలిపితే 41 చాలు. మధ్యలో బడి మానేసేవాళ్ళు, పండగలకి ఊళ్ళెళ్ళేవాళ్ళు పోయినా నిలబడతారు.

రెండో సగానికి 'మామూలు పాఠాలు' కాదు, వాళ్ళకీ ట్యాబ్ ఇవ్వండి. అదే నావ, అవే చేపలు, అంతే సమయం, కానీ సంఖ్యల బదులు వత్తులు, గుణింతాలు. ట్యాబ్ మోజు ఇద్దరికీ సమానం అవుతుంది. 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఢిల్లీ ప్రయోగం ఇదే చేసింది: 214 ప్రీస్కూళ్ళు, 1540 మంది పిల్లలు. కొందరికి గణిత ఆటలు, కొందరికి సామాజిక ఆటలు, కొందరికి ఏమీ లేదు. (అవి వీడియో గేములు కాదు, చేత్తో ఆడేవి.) గణిత ఆటల పిల్లలకు పరిమాణాలను కంటితో పోల్చే నేర్పు పెరిగి నిలిచింది. బడి లెక్కల్లో మాత్రం ఆ లాభం నిలవలేదు. మూడో గుంపు లేకుండా, బడి లెక్కల పరీక్ష విడిగా పెట్టకుండా ఉంటే 'గేమ్ పనిచేసింది' అని రాసేసేవాళ్ళు.

మీరూ అంతే. తాడు ఆట ఆడిన పిల్లలు తాడు ఆటలో బాగుపడటం వింత కాదు. కాగితం మీద పరీక్ష ఉండాలి. ఎ4 అడ్డంగా పెట్టి 25 సెంటీమీటర్ల గీత, ఒక్కో పేజీకి ఒక్కటే. స్కేలుతో 1 మిల్లీమీటరు అంటే 0.4 శాతం. దానికి తోడు బడి తరహా కూడికలు, తీసివేతలు పది.

విశ్వసనీయత (కొలత నిలకడగా ఉందా అన్నది): బేసి ట్రయల్స్, సరి ట్రయల్స్ విడిగా సగటు తీసి సహసంబంధం చూడండి. 0.6 వస్తే స్పియర్‌మన్–బ్రౌన్ సవరణ (సగం ట్రయల్స్‌తో వచ్చిన అంకెను మొత్తం ట్రయల్స్‌కి సరిచేసే లెక్క) తర్వాత 0.75. ఆపుకునే ఆటల్లో ఇది తరచు తక్కువ వస్తుంది. హెజ్, పవెల్, సమ్నర్ 2018లో చూపించింది ఇదే: గుంపు సగటులో గట్టిగా కనబడే పనులే మనిషికీ మనిషికీ తేడా చెప్పడంలో బలహీనం. కాబట్టి జీడిగింజ ఆట చూసి 'ఈ పిల్లవాడికి ఏకాగ్రత లేదు' అని మాస్టారికి చెప్పకండి.

---

బాహుదా_గట్టు:

ఎవరూ అడగని ఒకటి. సంఖ్యను అంకెల్లో చూపిస్తారా, పలికిస్తారా?

తెలుగులో ఇరవై దాటాక లెక్క సాఫీ: నలభై ఏడు, పదులు ముందు, ఒకట్లు తర్వాత. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలకు 47 అంటే 'సతచాళిశ', ఏడు ముందు. చెవిన పడితే 74 అని తాడు మీద వెతుకుతారు. సవర భాష సంప్రదాయ లెక్క ఇంకా వేరు, పన్నెండు మీదా ఇరవై మీదా నడుస్తుంది: 13 అంటే పన్నెండు–ఒకటి, 33 అంటే ఇరవై–పన్నెండు–ఒకటి. మీ బడులు విజయనగరంలో అయినా ఇంగ్లీషు మీడియం పిల్లలు బడిలో 'ఫార్టీ సెవెన్', ఇంట్లో 'నలభై ఏడు'. మూడంకెల సంఖ్యని పలికిస్తే మీరు కొలిచేది భాష కూడా. కొలత రౌండ్‌లో అంకెలే చూపించండి. మొదట్లో పది అంకెలు గట్టిగా చదివించి, చదవలేని పిల్లల కోడ్ పక్కన గుర్తు పెట్టండి. ఇంట్లో ఏ భాషో ఒక కాలమ్ ఉండాలి.

అనుమతులు: విద్యాశాఖ అనుమతి, మీ సంస్థ నైతిక సంఘం ఆమోదం రెండూ వేరు, ఒకటి రెండోదానికి బదులు కాదు. 2023 డేటా రక్షణ చట్టం లెక్కన 18 లోపు అందరూ పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి రుజువు చేయగలిగేలా ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల అంగీకారం నోటిమాటగా తీసుకోవాలని ఉంది. అంటే సమ్మతి పత్రం మీద నాన్నగారి సంతకం ఉన్నా పిల్ల 'నేను ఆడను' అంటే ఆడించకూడదు. పత్రం తెలుగులో, చదవలేనివాళ్ళకు సాక్షి ముందు చదివి వినిపించి. ట్యాబ్‌లో పేరు ఉండకూడదు, కోడ్ మాత్రమే. కోడ్–పేరు పట్టిక కాగితం మీద, బీరువాలో.

వేళ: ఉదయం రెండో పీరియడ్ మంచిది. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు తూగుతారు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే ఆరు వారాల లెక్క చెదురుతుంది, అంతకుముందే ముగిసేలా చూసుకోండి.

---

గంటస్తంభం:

అయితే ఇలా: తరగతిలోపలే చీటీలు, నావ–సంఖ్యలు ఒక సగం, నావ–వత్తులు ఒక సగం. ముందూ వెనుకా 22 నిశ్శబ్ద ట్రయల్స్, కాగితం గీత, పది లెక్కలు. జీడిగింజ ఆట రెండుసార్లు, 'చేయి ఆపుకోవడం' పేరుతోనే. ఆరుగురు చొప్పున కూర్చోబెట్టి, మిగతా ఆరు ట్యాబ్‌లు ఛార్జింగ్‌లో. ఆడకుండా నావను మధ్యలోనే పడేసి 'సరే' కొట్టే పిల్లలను ఏం చేయాలి?

---

జీడిగింజ:

డేటా చూడకముందే నియమం రాసి గైడ్ గారి సంతకం పెట్టించుకోండి. ఉదాహరణకు: 22 జవాబులూ తాడు మీద 200 పిక్సెళ్ళ పట్టీలోనే ఉంటే, లేదా సగానికి పైగా 1 సెకను లోపే ఖాయమైతే ఆ పిల్ల కొలత లెక్కలోకి రాదు. తీసేసిన కోడ్‌లు ఎన్నో, ఏ గుంపువో ఫలితాల్లో చెప్పండి. ఒక గుంపులోనే ఎక్కువ పోతుంటే అదే ఒక ఫలితం.

'సరే' బటన్ మాత్రం తాడు మధ్యకు సూటిగా కింద పెట్టకండి. వేలు అక్కడికే వెళ్తూ వెళ్తూ నావను నడిమికి లాక్కెళ్తుంది. కుడి కింద మూలన ఒక సెషన్, ఎడమ కింద మూలన ఒక సెషన్ పెట్టండి.